కునుకుని కునుకు అనే చెప్పే ధ్యానం క్లాసు, కడప

మొన్న ఎండాకాలం పోయాక కడపలో పది వారాల ధ్యానం క్లాసుకి వెళ్లొచ్చాను. ఎలా ఉంది, ఎలా ఉంది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, ఒక్కొక్కరికి ఫోన్లో సగం సగం చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నా, కాస్త పొడుగే అవుతుంది. ముందుగా ఒక మాట. మీకు కావాల్సింది టెన్షన్ తగ్గడం, రాత్రి నిద్ర పట్టడం మాత్రమే అయితే తెల్లారుజామున లేచి అంత దూరం పోనక్కర్లేదు, ఇంట్లోనే పావుగంట కళ్లు మూసుకుని ఊపిరి గమనిస్తూ కూర్చున్నా చాలావరకు సరిపోతుంది. ఈ క్లాసు ఇంకో రకం వాళ్లకి. కూర్చుంటే ఏదో జరుగుతోంది, వెలుగు కనపడింది, ఒళ్లు తేలిపోయింది, అరగంట ఎట్లా పోయిందో తెలియలేదు, దీన్నేనా పెద్దలు పై స్థితి అన్నది, లేక నేనే అలా అనుకుంటున్నానా అని లోపల పీకుతూ ఉంటుంది చూడండి, అలాంటివాళ్లకి.

చోటు ఎర్రముక్కపల్లె వైపు, బ్రౌన్ లైబ్రరీ నుంచి నడిచిపోయేంత దూరం. మామూలు ఇల్లు, మిద్దె మీద రేకుల గది. బోర్డు లేదు, గేటుకి కట్టిన అట్టముక్క మీద 'ధ్యానం, పొద్దున 5.30' అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. చెప్పే సారు డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైనవాళ్లు, డెబ్బై దాటాయి. తన పేరు ఎక్కడా రాయొద్దని మమ్మల్ని అడిగారు, అందుకే రాయట్లేదు. పది వారాలకి 1,200 రూపాయలు, వారానికి మూడు రోజులు, బ్యాచ్‌కి 14 మంది, అంతకు మించి తీసుకోరు. జంపఖానా మీద కూర్చోలేనివాళ్లకి ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. గోడకి దేవుడి పటం కానీ, ఏ గురువు ఫోటో కానీ లేదు, ఒక గడియారం, ఒక క్యాలెండర్.

నేను ఎందుకు వెళ్లానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఒక ఆసుపత్రిలో ఈఈజీ తీస్తాను, తలకి వైర్లు పెట్టి మెదడు అలలు గీయించే పరీక్ష అంటారు కదా, అదే. పదిహేనేళ్లుగా అదే పని. రెండేళ్ల కింద వేరే ఊళ్లో మూడు రోజుల శిబిరానికి వెళ్లాను, 6,500 కట్టాను. పొద్దున నాలుగింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టడం. మూడో రోజు మధ్యాహ్నం ఒక గంట నాకు ఏమీ తెలియలేదు, లేచేసరికి ముఖమంతా తేటగా, మనసంతా తేలిగ్గా ఉంది. నువ్వు తురీయాన్ని తాకావమ్మా అన్నారు వాళ్లు, అంటే మెలకువ, కల, నిద్ర మూడూ దాటిన నాలుగో స్థితి. మూడో స్థాయి అని సర్టిఫికెట్ ఇచ్చారు. నేను నమ్మాను, చాలా సంతోషంగా నమ్మాను, ఎనిమిది నెలలు రోజూ దాన్ని మళ్లీ తెచ్చుకోవాలని కూర్చున్నాను, రాలేదు, రాకపోయేకొద్దీ నాలో ఏదో లోపం ఉందని బాధపడ్డాను. మూడు రాత్రులు సరిగ్గా నిద్రలేని మనిషి మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూసుకుంటే ఏమవుతుందో నా ల్యాబులో రోజూ చూసే నాకే అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత ఒక పాపని తెచ్చారు మా దగ్గరికి. ఊరూ పేరూ చెప్పను. ధ్యానంలో కూర్చోబెడితే ఈ పాప ఇట్టే లోపలికి వెళ్లిపోతోందని, పిలిచినా పలకదని, కళ్లు తెరిచే ఉంటాయి కానీ ఇక్కడ ఉండదని, పది పన్నెండు సెకన్లలో తిరిగొస్తుందని ఎవరో చాలా గొప్పగా చెప్పారట, పూర్వజన్మ సంస్కారం అన్నారట. బడిలో టీచరుకి అనుమానం వచ్చి పంపింది కాబట్టి వచ్చారు. పరీక్షలో భాగంగా మూడు నిమిషాలు గబగబా ఊపిరి పీల్చి వదలమంటాం, రెండో నిమిషంలోనే పాప ఆగిపోయింది, కాగితం మీద సెకనుకి 3 చొప్పున స్పైకులూ అలలూ వరసగా వచ్చాయి. ఆబ్సెన్స్ మూర్ఛ. పిల్లల్లో వచ్చే రకం, మందులకి చాలామందిలో బాగా లొంగుతుంది. వాళ్లమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే నాకు ఆ సర్టిఫికెట్ గుర్తొచ్చింది. స్థితిని తప్పుగా గుర్తుపట్టడం అంటే మాటల్లో తేడా మాత్రమే కాదు, ఒక బిడ్డకి అందాల్సిన మందు ఆర్నెల్లు అందకుండా పోవచ్చు. ఇంటికి పోయి సర్టిఫికెట్ తీసి బీరువా అడుగున పెట్టేశాను, అప్పటినుంచి దీన్ని సరిగ్గా చెప్పేవాళ్ల కోసం వెతికాను.

ఈ క్లాసులో మొదటి రోజు కళ్లు మూసుకోమనలేదు. ఒక్కొక్కరిని పక్కకి పిలిచి అడిగారు: మూర్ఛలు ఉన్నాయా, మనసుకి సంబంధించిన మందులు వాడుతున్నారా, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఒక అన్నని "నువ్వు ఇంటికి పోయి పడుకో నాయనా, ఎల్లుండి రా" అని పంపేశారు, ఆయన నొచ్చుకున్నాడు కూడా. ఆరు గంటలు నిద్రపోనివాళ్లు ఆ రోజు కూర్చోకూడదు, ఇది అక్కడి నియమం. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

పద్ధతి చాలా మామూలు. ముక్కు చివర ఊపిరి తగిలేచోట గమనం పెట్టాలి, ఇరవై నిమిషాలు. మధ్యలో సారు ఒక చిన్న ఇత్తడి గంటని చాలా మెల్లగా కొడతారు, ఎప్పుడు కొడతారో తెలియదు, ఎన్నిసార్లో కూడా తెలియదు, ఒకరోజు రెండు, ఒకరోజు అయిదు. అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా నోటు పుస్తకంలో రాయాలి. ఎన్ని గంటలు వినపడ్డాయి, ఎంతసేపు కూర్చున్నట్టు అనిపించింది, లేచినప్పుడు మెడ ఎక్కడుంది, నోట్లో ఉమ్మి ఊరిందా, చివరిసారి ఊపిరిని గమనించింది ఎప్పుడు. అనుభవం గొప్పదా కాదా అని రాయడానికి గడి లేదు. ఆనందం కలిగిందా అనే ప్రశ్న లేదు. ఆ తర్వాత ఆయన ఎన్ని కొట్టారో చెబుతారు.

మొదటి వారంలో నా పుస్తకం చూస్తే: నాలుగు కొడితే ఒకటి విన్నాను, అయిదు కొడితే రెండు. కానీ ఆ రోజుల్లో నాకు చాలా లోతుగా వెళ్లినట్టే ఉంది. నేను నిద్రపోలేదు సార్, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి అన్నాను. అన్నాక నాకే గుర్తొచ్చింది, ల్యాబులో రోజుకి నలుగురు ఇదే మాట అంటారు. పేషెంటు కళ్లు మూసుకోగానే తల వెనకభాగంలో ఆల్ఫా వస్తుంది, సెకనుకి 8 నుంచి 13 అలలు. కాసేపటికి అది పలచబడి మాయమవుతుంది, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి, అలలు నెమ్మదిస్తాయి. మాగన్ను మొదలైంది. ఇంకాస్త ఆగితే స్పిండిల్స్ వస్తాయి, సెకనుకి 12, 14 చొప్పున చిన్న గుత్తుల్లా, ఇక అనుమానం లేదు, నిద్రే. అప్పుడు భుజం తట్టి లేపితే, "పడుకోలేదమ్మా, ఊరికే కళ్లు మూసుకున్నా" అంటారు, అబద్ధం కాదు, వాళ్లకి నిజంగా అలాగే ఉంటుంది. ఈ మాగన్నులోనే రంగులు, ముఖాలు, పడిపోతున్నట్టు జలదరింపు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినపడటం, ఒళ్లు పెరిగినట్టో తేలినట్టో ఉండటం, అన్నీ వస్తాయి. మెలకువకీ నిద్రకీ మధ్య ఉన్న ఈ గడప మీద రోజూ రాత్రి అందరం ఒకసారి నిలబడి వెళ్తాం, గుర్తుండదు, అంతే. ధ్యానంలో కూర్చున్నప్పుడు వెన్ను నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ గడప మీదే ఎక్కువసేపు ఉంటాం, గుర్తుంటుంది, దానికి పెద్ద పేరు పెడతాం.

నాలుగో వారంలో నిర్వచనాల పాఠం మొదలైంది, నా దృష్టిలో 1,200 రూపాయలూ ఆ ఒక్క వారానికే తీరిపోయాయి. మా జిల్లాలో సమాధి అనగానే బ్రహ్మంగారి మఠమే కళ్లముందుకి వస్తుంది, యోగంలో ఆ మాటకి అర్థం వేరు, మనసు ఒక్కచోట పూర్తిగా కుదిరిపోవడం అని అక్కడినుంచి మొదలుపెట్టి మాండూక్య ఉపనిషత్తు దగ్గరికి తెచ్చారు. మొత్తం 12 మంత్రాలు. మెలకువ, కల, గాఢనిద్ర, నాలుగోది తురీయం. మొదటి మూడింటికీ ఇది ఇట్లా ఉంటుంది అని చెబుతుంది, నాలుగోదానికి వచ్చేసరికి ఏడో మంత్రంలో అన్నీ 'కాదు'లే. లోపలి ఎరుక కాదు, బయటి ఎరుక కాదు, రెండూ కలిసింది కాదు, ఎరుక ముద్దకట్టింది కాదు, తెలుసుకునేది కాదు. ఆ వరసలో చివర 'నాప్రజ్ఞం' అని ఉంది. తెలియనితనం కూడా కాదు. సారు ఆ ఒక్క మాట బోర్డు మీద రాసి, దాని కింద గీత గీసి, ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు.

నేను ఆ మాట మీద చాలా రోజులు ఆలోచించాను. నాకు శిబిరంలో జరిగింది సరిగ్గా తెలియనితనమే కదా. ఒక గంట ఏమీ తెలియలేదు, అంతే తప్ప తెలియకపోవడాన్ని చూసినవాళ్లెవరూ లోపల లేరు. ఆ మంత్రం ప్రకారమే అది తురీయం కాకూడదు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఇంకా సూటిగా ఉన్నాడు, మనసు చేసే అయిదు వృత్తుల్లో, అంటే పనుల్లో, నిద్ర ఒకటి అంటాడు, మనసు ఆగిపోవడం కాదట అది, 'ఏమీ లేదు' అనేదాన్ని పట్టుకుని మనసు చేసే ఇంకో పని. అంటే ఖాళీగా ఉంది కాబట్టి వృత్తులు ఆగిపోయాయి అనుకోవడం ఆయన లెక్కలో చెల్లదు. ఇన్ని వందల ఏళ్ల కింద ఇంత జాగ్రత్తగా గీసిన గీతని చెరిపేసి మనకి సర్టిఫికెట్లు ఇస్తున్నారు.

అయితే నాకు ఒక చిక్కు వచ్చింది, అడిగాను. గంట వినపడకపోతే నిద్రే అని ఎలా అంటాం సార్, నిజంగా లోతుగా కుదిరినవాళ్లకి కూడా బయటి చప్పుడు అంటదు అంటారు కదా. మంచి ప్రశ్న అనలేదు ఆయన, కాసేపు ఆలోచించి, గంట ఒక్కటే చాలదమ్మా, అందుకే పుస్తకంలో మిగతా గడులు అన్నారు. తర్వాత రమణ మహర్షి చెప్పే కథ చెప్పారు. గంగ ఒడ్డున ఒక యోగి శిష్యుణ్ణి నీళ్లు తెమ్మని పంపి, ఈలోపు కళ్లు మూసుకుని లయంలోకి, అంటే మనసు కాసేపు అణిగిపోయి ఉండే స్థితిలోకి, వెళ్లిపోయాడు. ఏళ్లకేళ్లు గడిచాక లేచి మొదట అడిగింది, నీళ్లేవీ అని. మనసు అణిగింది, దాహం అణిగినచోటే కూర్చుని ఎదురుచూసింది. ఎన్నేళ్లు ఉన్నా లయం లయమే. మాండూక్యం మీద గౌడపాదుడు రాసిన కారికల్లో, అంటే వివరణ శ్లోకాల్లో, 'లయే సంబోధయేచ్చిత్తం' అని ఉంది, లయంలో పడితే మనసుని మేలుకొలుపు అని. అంటే ఆ కాలపు సాధకులకి కూడా ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బందే. లయం ఊబి లాంటిది, పైకి చూస్తే గట్టినేలలాగే ఉంటుంది అన్నారు సారు.

మా బ్యాచ్‌లో ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. మూడో వారంలో నుదుటి దగ్గర ఊదారంగు వెలుగు కనపడిందని చాలా ఉత్సాహంగా చెప్పారు. సారు తక్కువ చెయ్యలేదు, పొగడనూ లేదు. "అప్పుడు శ్వాస ఎక్కడుంది?" అన్నారు. పెద్దాయన ఆగిపోయి, తెలీదప్పా అన్నారు. "సరే, ఈసారి వెలుగొస్తే రానియ్, శ్వాస మాత్రం వదలొద్దు." పది వారాల్లో ఈ ప్రశ్న కనీసం వందసార్లు విని ఉంటాం. వెన్నులో ఏదో పాకింది. అప్పుడు శ్వాస ఎక్కడుంది? దేవుడు కనపడ్డాడు. అప్పుడు శ్వాస ఎక్కడుంది? కాలు తిమ్మిరెక్కి పైకి శక్తి ప్రవహించినట్టుంది అని ఒకమ్మాయి అంటే మాత్రం కాలు చాపుకోమన్నారు, మడిచి కూర్చుంటే నరం నొక్కుకుంటుంది, దానికి శక్తితో పని లేదు అని. బౌద్ధ సంప్రదాయంలో వెలుగుని నిమిత్తం అని గౌరవంగానే చూస్తారట, ఏకాగ్రత కుదురుతోందనడానికి గుర్తుగా. కానీ అక్కడ కూడా గమనం చెదరకుండా ఉన్నప్పుడు వచ్చినదానికే ఆ లెక్క, తూగుతుంటే వచ్చినదానికి కాదు.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మెట్ల పాఠం. ఆలోచనలు సున్నా అయితేనే ధ్యానం అని మనందరికీ ఒక అభిప్రాయం ఉంది కదా, ఆలోచన వస్తే ఓడిపోయినట్టు. పతంజలి సంప్రజ్ఞాత సమాధికి, అంటే ఏదో ఒక వస్తువుని పట్టుకుని కుదిరే సమాధికి, చెప్పిన నాలుగు మెట్లలో మొదటివి రెండూ వితర్కం, విచారం. పట్టుకున్న వస్తువు మీదే మనసు మొదట మోటుగా, తర్వాత సూక్ష్మంగా పనిచేస్తూ ఉంటుంది. ఆ పైన ఆనందం, ఆ పైన అస్మిత, అంటే 'ఉన్నాను' అన్నంతవరకే మిగలడం. బౌద్ధుల మొదటి ఝానంలో, అంటే వాళ్ల ధ్యానపు మొదటి మెట్టులో కూడా వితక్క, విచార అని దాదాపు అవే మాటలు, వాటితో పాటు ప్రీతి, సుఖం, ఏకాగ్రత. రెండో ఝానానికి వెళ్లేటప్పుడే వితక్క విచారాలు రాలిపోతాయి. అంటే రెండు దారుల్లోనూ మొదటి మెట్టు మీద మనసు ఇంకా కదులుతూనే ఉంటుంది, కాకపోతే ఒకచోటే కదులుతుంది. ఇది విన్న రోజు గదిలో సగం మంది ముఖాలు తేలికపడ్డాయి, నాది కూడా. ఎవరైనా మొదటి రోజే ఆలోచనలు లేని స్థితికి తీసుకెళ్తామంటే, తూగేలా చేసి పంపిస్తారని అనుమానించడంలో తప్పు లేదు.

ఇంకో రోజు అంతరాయాల పాఠం, అంటే సాధనకి అడ్డొచ్చేవని పతంజలి చెప్పినవి. వ్యాధి, స్త్యానం (మనసు మొద్దుబారడం), సంశయం, ప్రమాదం, ఆలస్యం, అవిరతి (కోరికలు వదలకపోవడం), భ్రాంతిదర్శనం (ఒకటి చూసి ఇంకోటి అనుకోవడం), అలబ్ధభూమికత్వం (మెట్టు అందకపోవడం), అనవస్థితత్వం (అందినా నిలవలేకపోవడం), మొత్తం తొమ్మిది. తెలుగువాళ్లం ఇక్కడ రెండు మాటల దగ్గర జారిపడతాం. ప్రమాదం అంటే మనకి యాక్సిడెంటు, ఆలస్యం అంటే లేటు. ఇక్కడ ఆలస్యం అంటే బద్ధకం, ప్రమాదం అంటే ఏమరుపాటు. ఏమరుపాటు అనగానే మా పక్కన కూర్చునే ఒక ముస్లిం అక్క, నమాజులో మనసు పక్కకి పోతే మా ఇంట్లో నాన్న గఫ్లత్ అనేవాళ్లు సార్, అదీ ఇదీ ఒకటేనా అని అడిగింది. ఒకటే తల్లీ అన్నారు సారు, దానికి వ్యతిరేకపదం ఏమంటారు మీరు అని ఆమెనే అడిగారు. హుజూర్, అంటే హాజరుగా ఉండటం అంది. ఆ రోజు నుంచి మా బ్యాచ్ మొత్తానికి అదే మాట అలవాటైంది, లేవగానే ఒకరినొకరు హాజరేనా అని అడుక్కునేవాళ్లం. తురీయం, సమాధి, కైవల్యం అన్న పెద్ద మాటల కంటే ఈ హాజరు అన్న మాట నాకు ఎక్కువ పనికొచ్చింది, బడిలో పిల్లవాడు చెయ్యెత్తినట్టు, ఉన్నానా లేనా అంతే.

మిషన్లతో దీన్ని తేల్చేయొచ్చు కదా అని మా వాళ్లు నన్ను అడుగుతుంటారు. నా పని కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. 'ఆల్ఫా స్థితికి తీసుకెళ్తాం' అని ప్రకటనలు ఇస్తున్నారు, దయచేసి దానికి డబ్బు కట్టొద్దు. మనిషి మెదడు అలల గురించి హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టరు 1929లో మొదట అచ్చు వేయించినప్పటినుంచే తెలుసు, కళ్లు మూసుకుంటే దాదాపు అందరికీ ఆల్ఫా వస్తుంది, తిట్టుకుంటూ మూసుకున్నా వస్తుంది. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ యోగుల మీద చేసిన పరిశోధనలో విశేషం ఆల్ఫా రావడం కాదు, విరగకపోవడం. మామూలుగా వెలుగో చప్పుడో వేడో తగిలితే ఆల్ఫా తెగిపోతుంది, ఆ యోగులకి కూడా ఊరికే ఉన్నప్పుడు తెగింది, ధ్యానంలో ఉన్నప్పుడు తెగలేదు. ఇద్దరు 4 డిగ్రీల చల్లటి నీళ్లలో 45 నుంచి 55 నిమిషాలు చెయ్యి పెట్టి ఉంచినా ఆల్ఫా అలాగే ఉంది. ఇంకోవైపు 1976లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపరు ఉంది, ఎంతో అనుభవమున్న అయిదుగురు ధ్యానులకి వైర్లు పెట్టి చూస్తే వాళ్లు ధ్యానం అని కూర్చున్న సమయంలో చెప్పుకోదగ్గ భాగం నిద్రలోనే గడిచింది, రెండు, మూడు, నాలుగు దశల నిద్ర. అనుభవం ఉన్నవాళ్లకే అలా అయితే మనకి గంట అవసరమే కదా. 2004లో అమెరికాలో టిబెటన్ సంప్రదాయం సాధకులు 8 మందిని పరీక్షిస్తే గామా అనే వేగమైన అలలు చాలా ఎక్కువగా కనిపించాయి, కానీ వాళ్ల సాధన 10,000 నుంచి 50,000 గంటలు. రోజుకి గంట చొప్పున లెక్కేసుకుంటే 10,000 గంటలకే ఇరవై ఏడేళ్లు పడుతుంది. పైగా నుదురు ముడిచినా, పళ్లు బిగించినా కండరాల నుంచి అలాంటి వేగమైన గీతలే వస్తాయి, తలకి బ్యాండు పెట్టుకుని ఫోన్లో చూసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మిషను నిద్రని నిద్ర అని కచ్చితంగా చెప్పగలదు. ఇది తురీయం అని చెప్పే గీత నేను పదిహేనేళ్లలో చూడలేదు, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఏడో వారంలో ఒక శుక్రవారం. రాత్రి బాగా పడుకున్నాను. కూర్చున్న కాసేపటికి ఊపిరి చాలా సన్నబడింది, దూదిపోగు లాగా. అజాన్ వినపడింది, పాలబండి హారన్, కింద ఎవరో మోటారు వేశారు, మున్సిపాలిటీ చెత్త ఆటో పాట, అన్నీ చాలా స్పష్టంగా వినపడ్డాయి, కానీ దేనికీ మనసు లేచి వెళ్లలేదు, వచ్చాయి, పోయాయి. సారు గంట నాలుగుసార్లు వినపడింది. వింటున్నది నేను అన్న మాట కూడా తర్వాత రాసేటప్పుడు వచ్చిందే తప్ప అప్పుడు లేదు, వినికిడి ఉంది అంతే. పుస్తకంలో నాలుగు అని రాశాను, సారు కొట్టింది నాలుగే. పదకొండు నిమిషాలు అనుకున్నాను, ఇరవై అయ్యాయి. మెడ నిటారుగా ఉంది, నోరు పొడిగా ఉంది. కళ్లవెంట నీళ్లు వచ్చాయి, ఆపుకోలేదు. సారుకి పుస్తకం చూపించాను, ఏమంటారో అని గుండె కొట్టుకుంటూనే ఉంది. చదివి, దాచుకోమ్మా, రేపు దీనికోసం కూర్చోవద్దు అన్నారు. అంతే. గౌడపాదుడు ఆ లయం మాట తర్వాతే ఇంకోటి అంటాడు, అక్కడి సుఖాన్ని చప్పరించకు అని. పేరు పెట్టలేదు, స్థాయి చెప్పలేదు, నేనూ పెట్టుకోలేదు.

తర్వాత రెండు వారాలు అది రాలేదు. కానీ ఈసారి నాలో లోపం వెతుక్కోలేదు, ఎందుకంటే ఆ తొమ్మిదింటి చివర అనవస్థితత్వం ఉంది కదా, చోటు దొరికినా అక్కడ నిలవలేకపోవడం. రెండేళ్ల కింద ఈ ఒక్క మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎనిమిది నెలల ఏడుపు తప్పేది.

ఇబ్బందులు కూడా రాయాలి. రేకుల గది, కడప ఎండ గురించి మీకు చెప్పేదేముంది, పొద్దున ఏడింటికే వేడి దిగుతుంది, మార్చి నుంచి జూన్ మధ్య బ్యాచ్‌లో మాత్రం చేరొద్దు. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒకవైపు కూడా కమ్మీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. మిద్దె మీద బాత్రూం లేదు, కిందకి దిగి ఇంట్లోవాళ్లని అడగాలి, ఆడవాళ్లకి ఇది ఇబ్బందే, సారుకి చెప్పాం, కట్టిస్తానన్నారు. సారు గొంతు చిన్నది, వెనక వరసకి సగం వినపడదు. సంస్కృతం మాటలు వరసగా వచ్చేస్తాయి, అర్థం అడిగితే చెబుతారు కానీ ఆయనంతట ఆయన ఆగరు, కొత్తవాళ్లు ఇద్దరు ఈ కారణానికే మానేశారు, నాకు అది బాధగా ఉంది, ఎందుకంటే అందులో ఒకమ్మాయి గంటలు మా అందరికంటే బాగా వినేది. ఏడింటికి వదలాల్సింది ఏడూ ఇరవై అవుతుంది, డ్యూటీకి పరిగెత్తేవాళ్లు ముందే చెప్పి పెట్టుకోండి.

ఒక విషయం మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోవాలి. డీఎస్సీకి చదువుతున్న ఒక కుర్రాడు, రోజూ ఇంట్లో ఇంకో నాలుగు గంటలు కూర్చుంటున్నాడట ఎవరికీ చెప్పకుండా. అయిదో వారంలో వచ్చి, నా చేతులు నావి కావనిపిస్తోంది సార్, ఇల్లంతా సినిమా సెట్టులా ఉంది, రాత్రిళ్లు భయమేస్తోంది అన్నాడు. వేరేచోట అయితే ఇది అహం కరగడం అనేవాళ్లేమో. సారు ఆ క్షణంలోనే ధ్యానం పూర్తిగా ఆపేయమన్నారు, వాళ్లన్నకి ఫోన్ చేయించి, మానసిక వైద్యుడి దగ్గరికి పంపించారు. భయంతో వచ్చింది ఏదైనా ముందు డాక్టరు చూడాలి, తర్వాతే మనం అన్నారు. అబ్బాయి ఇప్పుడు బాగున్నాడు, నిద్రపోతున్నాడు, చదువుకుంటున్నాడు.

తర్వాతి బ్యాచ్ దసరా అయ్యాక మొదలవుతుంది, నేను మళ్లీ పేరిచ్చాను. వచ్చేవాళ్లు ఒక వంద పేజీల రూళ్ల పుస్తకం, ఒక పెన్ను, కింద వేసుకోవడానికి గట్టి దిండు తెచ్చుకోండి. ముందు రోజు రాత్రి తొందరగా పడుకోండి. అయిదున్నరకి తలుపు వేసేస్తారు, తర్వాత తట్టినా తీయరు, కాబట్టి అయిదూ ఇరవైకల్లా మిద్దె మీద ఉండండి.